పోలో జీటీకి బాలానగర్ షెడ్డులో వేయించిన స్టీలు సైలెన్సర్: ఏడు నెలల తరువాత

మా బండి 2016 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 1,197 సీసీ టర్బో పెట్రోలు ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ (గేర్లు తనంతట తానే మార్చుకునే) గేరుబాక్సు, కంపెనీ లెక్క ప్రకారం 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్. లక్ష కిలోమీటర్లు దాటిన తరువాత, కిందటి వానాకాలంలో నీళ్లు నిండిన గుంత ఒకటి కనిపించక దిగబడినప్పుడు, సైలెన్సర్ మధ్య డబ్బా అతుకు విచ్చుకుపోయింది. ఆ మర్నాటి నుంచి పొద్దున్నే బండి స్టార్టు చేస్తే అపార్టుమెంటు సెల్లారంతా ట్రాక్టరు వచ్చినట్లు మోగేది. ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి, పాత కొలతకే కొత్తది వేయించడమా, లేక కాస్త పెద్ద స్టెయిన్‌లెస్ స్టీలు పైపు వేయించి బండి పికప్ పెంచుకోవడమా అన్న ఆలోచన మొదలైంది. రెండోదే చేశాను. బాలానగర్ పారిశ్రామికవాడలోని ఒక చిన్న షెడ్డులో చేయించిన ఆ పని ఎలా ఉందో, ఏడు నెలలు, సుమారు తొమ్మిది వేల కిలోమీటర్లు తిరిగిన అనుభవంతో రాస్తున్నాను.

ముందు ఒక మాట. మన వాడుకలో ఇంజను దగ్గర మొదలై వెనక బంపరు కింద తేలేదంతా సైలెన్సరే. కానీ పని చేయించేటప్పుడు అందులో భాగాలు వేరువేరుగా తెలియకపోతే మోసపోవడం ఖాయం. ఇంజను నుంచి వచ్చే పొగ ముందు టర్బోను (ఇంజనులోకి గాలిని నొక్కి పంపే చక్రాన్ని) తిప్పి, దానికి ఆనుకొని ఉన్న కెటలిటిక్ కన్వర్టర్‌లో శుద్ధి అవుతుంది. అక్కడి నుంచి ఇంజను కదలికను తట్టుకునే అల్లిక జాలీ పైపు, తరువాత మధ్య డబ్బా, ఆ పైన వెనక ఇరుసు మీదుగా వంపు తిరిగిన పైపు, చివర పెద్ద డబ్బా ఉంటాయి. నేను మార్పించింది కన్వర్టర్ తరువాతి భాగం మాత్రమే. టర్బోను గాని, కన్వర్టర్‌ను గాని, ఇంజను కంప్యూటర్‌ను గాని ముట్టుకోలేదు.

బాలానగర్ కంటే ముందు నేను వెళ్లినది అద్దాల షోరూము ఉన్న ఒక దుకాణానికి. పైపు మార్చినంత మాత్రాన పది హార్స్‌పవర్ పెరుగుతుందని అక్కడ చెప్పారు. ఏ యంత్రం మీద కొలిచారని అడిగితే నవ్వి, కాఫీ తెప్పించారు. అంతకంటే నన్ను జాగ్రత్త పడేలా చేసింది మరో మాట: కన్వర్టర్‌ను తీసేసి మామూలు పైపు పెడితే బండి ఇంకా బాగా లాగుతుందని, ఆ పనికి కూలి కూడా అడగబోమని అన్నారు. ఊరకే ఎవరూ గంటన్నర పని చేయరు. కన్వర్టర్ లోపలి తేనెపట్టు లాంటి గడుల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. పాతదైనా ఆ లోహాల కోసం కొనేవారు ఉంటారు. మీ బండి నుంచి తీసిన కన్వర్టర్ మీ చేతికి ఇవ్వకుండా దుకాణం వెనక గదిలోకి వెళ్లిందంటే, కూలి మీరు అప్పటికే చెల్లించినట్లు లెక్క. పైగా కన్వర్టర్ తరువాత ఉండే రెండో ఆక్సిజన్ సెన్సర్ పని, ఆ శుద్ధి జరుగుతున్నదో లేదో చూస్తూ ఉండటమే. అది లేదని తెలిసిన వెంటనే పీ0420 అనే కోడ్‌తో డ్యాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని ఆర్పడానికి మళ్లీ సాఫ్ట్‌వేరు మార్చాలని మరో బిల్లు తయారవుతుంది.

బాలానగర్ షెడ్డు సంగతి పూర్తిగా వేరు. బోర్డు తుప్పు పట్టి ఉంది, కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తప్ప మరేమీ లేదు, పగలు కరెంటు పోతే పని ఆగిపోతుంది. మేస్త్రి అరవై దాటిన మనిషి. గోడ వారగా ఆర్గాన్ సిలిండర్లు, పైపులు వంచే హైడ్రాలిక్ యంత్రం, ఒక ర్యాంపు, ఇద్దరు కుర్రాళ్లు. నేను పికప్ గురించి ఎత్తగానే ఆయన బండి కింద దూరి ఓ పది నిమిషాలు టార్చి వేసి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి అన్న మాట ఇది: "పవర్ కోసమైతే పైసలు ఖరాబు చేసుకోకుండ్రి సార్. సౌండు మంచిగుంటది, పైపు పదేండ్లు ఉంటది. గా రెండిటి కోసమైతే చేస్త." ఈ సమీక్షలో నేను పొగడబోయే వాటన్నిటిలోకీ మొదట చెప్పవలసింది ఆ మాటే. సరుకు అమ్మేవాడే ఆ సరుకు ఏం చేయలేదో ముందు చెప్పడం మన ఊళ్లో అరుదు.

ఆయన మాటలో శాస్త్రం ఉంది. టర్బో ఇంజనుకు పొగ దారిలో ఎంత తక్కువ అడ్డు ఉంటే అంత మేలు, నిజమే. టర్బో చక్రానికి ముందు ఒత్తిడి ఎక్కువగాను, తరువాత తక్కువగాను ఉంటేనే అది జోరుగా తిరుగుతుంది. అయితే ఇలాంటి బండిలో పెద్ద అడ్డు టర్బో చక్రం, దానికి ఆనుకొని ఉన్న కన్వర్టర్. వాటిని దాటి వచ్చేసరికి పొగ కొంత చల్లబడి, చిక్కబడి, తక్కువ చోటులోనే పోగలుగుతుంది. రెండు అంగుళాల పైపు స్థానంలో రెండుంపావు అంగుళాల పైపు వేస్తే దారి వైశాల్యం సుమారు 27 శాతం పెరుగుతుంది. వినడానికి ఘనంగా ఉంటుంది కానీ, అసలే ఖాళీగా పోతున్న రోడ్డును వెడల్పు చేసినట్లు. పైన ఇరుకు వంతెన ఉన్నంత వరకు ఆ వెడల్పు వల్ల వచ్చేది కొంచెమే.

టర్బో లేని బళ్లవాళ్లకు ఈ లెక్క ఇంకా కఠినం. స్విఫ్టు, ఐ20 వంటి మామూలు పెట్రోలు బళ్లకు మరీ లావు పైపు వేయిస్తే కింది స్పీడుల్లో లాగుడు తగ్గుతుంది. దీన్ని మన మెకానిక్కులు "బ్యాక్ ప్రెషర్ ఉండాలి" అని వివరిస్తారు, కానీ విషయం అది కాదు. ఏ ఇంజనుకూ వెనక ఒత్తిడి అవసరం లేదు. పొగ వేగంగా పోతూ ఉంటే దాని వెనక ఏర్పడే లాగుడు, సిలిండర్‌లో మిగిలిన పొగను కూడా తనతో తీసుకుపోతుంది. పైపు మరీ వెడల్పయితే ఆ వేగం చచ్చిపోతుంది. ఇక బీఎస్6 (పొగ విషయంలో తాజా ప్రభుత్వ ప్రమాణం) డీజిలు బళ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది కాబట్టి ఆ వైపు చెయ్యి పెట్టకపోవడమే మంచిది.

ఇప్పుడు పనితనం గురించి. నా డబ్బులో ఎక్కువ వంతు వెళ్లింది ఇక్కడే, వివరంగా చెప్పవలసిందీ ఇక్కడే. పైపు కొనడానికి మేస్త్రి నన్ను వెంటబెట్టుకొని సికింద్రాబాదు రాణిగంజ్‌కు తీసుకెళ్లారు. స్టెయిన్‌లెస్ స్టీలు అనగానే జేబులో అయస్కాంతం తీసి అంటించి చూడటం నాకు తెలిసిన పరీక్ష. అంటుకోకపోతే 304 రకం అనుకునేవాడిని. ఆయన నవ్వి, కొట్టువాడి దగ్గర ఉన్న చిన్న సీసాలోని మందు ఒక చుక్క పైపు మీద వేయించి, చిన్న బ్యాటరీ వైర్లు ఆనించారు. మొదటి పైపు మీద చుక్క క్షణాల్లో ఎర్రబడింది. అది 202 రకం: నికెల్ తగ్గించి మాంగనీసు ఎక్కువ కలిపినది, చవక, అయస్కాంతానికి అదీ అంటుకోదు, కానీ తడికి తొందరగా తుప్పు పడుతుంది. రెండో పైపు మీద చుక్క ఎర్రబడలేదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకం అదే. రెండూ మెరుపులో ఒకలాగే ఉన్నాయి. ఆ చుక్క లేకపోతే తేడా నేను జన్మలో కనిపెట్టలేను.

తరువాతిది వంపు. ఖాళీ పైపును యంత్రంలో పెట్టి వంచితే వంపు లోపలి వైపు ముడతలు పడి, గుండ్రటి దారి కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది. అక్కడ రెండుంపావు అంగుళాల పైపు నిజానికి రెండు అంగుళాలు కూడా ఉండదు, అంటే పెట్టిన డబ్బు ఆ వంపు దగ్గరే పోయినట్లు. లోపల కడ్డీ ఆధారంగా పెట్టి వంచే యంత్రంలో అయితే వంపు అంతటా ఒకే వ్యాసం నిలుస్తుంది. ఆ యంత్రం ఈ షెడ్డులో లేదు. ఆ విషయం దాచకుండా, అలా వంచిన మోచేతి ముక్కలను తయారుగా కొని, కావలసిన కోణానికి కోసి అతికారు. దానివల్ల అతుకులు పెరిగాయి, పదకొండు లెక్కపెట్టాను, కానీ ఎక్కడా నొక్కు లేదు.

అతుకులన్నీ, గాలి తగలకుండా ఆర్గాన్ వాయువు వదులుతూ చేసే ఆర్గాన్ వెల్డింగే. ఇందులో పైకి కనిపించని పని ఒకటి ఉంది. అద్దాల షోరూము వాళ్లు మరెవరి బండికో చేసిన పైపు ముక్క ఒకటి మరమ్మతుకు ఈ షెడ్డుకు వచ్చి ఉంది. మేస్త్రి దాన్ని నా చేతికిచ్చి లోపల వేలు పెట్టి చూడమన్నారు. బయట చేప పొలుసుల్లా అందంగా ఉన్న అతుకు, లోపల మాడిన బెల్లం పాకంలా నల్లగా, గరుకుగా, పొక్కులు పొక్కులుగా ఉంది. వెల్డింగ్ చేసేటప్పుడు పైపు లోపలి గాలి వేడి లోహానికి తగిలితే అలా అవుతుంది. ఆ గరుకు పొగ దారికి అడ్డమే కాక, పగులు మొదలయ్యేదీ అక్కడే. నా పైపుకు రెండు కొసలూ టేపుతో మూసి, ఒక వైపు నుంచి లోపలికి కూడా ఆర్గాన్ వదిలి, లోపలి గాలి పోయిన తరువాతే టార్చి అంటించారు. చల్లారాక వేలు పెట్టి చూశాను: సన్నని నునుపు గీత, అంతే. కొత్త పైపును కంపెనీ పాత ఫ్లాంజ్‌కు (బోల్టులు బిగించే పళ్లానికి) కలిపేచోట మాత్రం 308 రకం వెల్డింగ్ కడ్డీ పక్కన పెట్టి 309 రకం కడ్డీ తీశారు, రెండు వేర్వేరు ఉక్కులను కలపాలంటే అదే పట్టు ఇస్తుందట. ఈ మాట నేను అడగకుండానే, పక్కన నిలబడ్డ కుర్రాడికి నేర్పుతూ చెప్పారు.

ఇక ఫలితం. పైపు మార్చకముందు, మార్చిన తరువాత, అదే పెట్రోలు బంకులో నింపించి, అదే రోడ్డు మీద, తెల్లవారుజామున, ఇద్దరం కూర్చొని, బండి కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ పరికరాన్ని ఫోనుకు కలిపి 60 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి పట్టే సమయం కొలిచాం. అయిదేసి సార్లు చూసి సగటు తీస్తే, ముందు 5.6 సెకన్లు, తరువాత 5.4 సెకన్లు. విడివిడి కొలతల్లోనే దాదాపు అంత తేడా ఉంది కాబట్టి దీన్ని లాభం అనడానికి నాకు మనసు ఒప్పదు. మొదటి కొలతలు విచ్చుకున్న డబ్బాతో తీసినవి కావడం వల్ల లెక్క ఇంకా మసకబారింది. టర్బో అందుకునే తీరులో 2,000 ఆర్‌పీఎం లోపల చిన్న చురుకు ఉన్నట్లు నాకు తోస్తుంది, కానీ కొత్త శబ్దం చెవులను ఎంత మోసం చేయగలదో నాకు తెలుసు. మా ఆవిడను అడిగితే, "బండి అలాగే ఉంది, మీరే కాలు గట్టిగా నొక్కుతున్నారు" అంది. మైలేజీలో మార్పు లేదు. పాత సరంజామాను, కొత్తదాన్ని కాటా మీద పెడితే 3.2 కిలోలు తగ్గింది. ఎవరైనా దీని తరువాత సాఫ్ట్‌వేరు కూడా మార్పించి ఇంకా బలం లాగుదామనుకుంటే, ఈ బండి గేరుబాక్సులోని పొడి క్లచ్ 250 న్యూటన్ మీటర్ల వరకే తయారు చేసినదని గుర్తుంచుకోవాలి. దాని మరమ్మతు బిల్లు ముందు పైపు బిల్లు చిల్లర.

శబ్దం మాత్రం మేస్త్రి చెప్పినట్లే వచ్చింది. నిలకడగా ఉన్నప్పుడు పాతదానికి దీనికి తేడా తెలియదు. కాలు నొక్కితే గొంతు కొంచెం దిగి, గంభీరంగా పలుకుతుంది. మొదట మధ్య డబ్బా లేకుండా ఒక్క వెనక డబ్బాతో బిగించి చూశాం. ఔటర్ రింగు రోడ్డు మీద ఏడో గేరులో 2,400 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్ అంతా ఒకటే గూంకారం, పావుగంటలో తల దిమ్మెక్కింది. నాలుగు సిలిండర్ల ఇంజను ఆ వేగంలో సెకనుకు 80 పేలుళ్లు ఇస్తుంది. ఆ 80 హెర్ట్జ్ మోతను చంపడానికి కొస మూసిన పైపు కొమ్మ ఒకటి పక్కకు పెట్టవచ్చు గాని, లెక్క వేస్తే దాని పొడవు మీటరుంపావు దాటుతుంది, ఇంత చిన్న బండి కింద దానికి చోటు లేదు. అందుకని మధ్య డబ్బా మళ్లీ పెట్టించాను. గూంకారం పోయింది. దాన్ని మొదటే పెట్టి ఉండవలసింది, ఆ తప్పు నా సరదాది.

శబ్దం సరదా విషయం మాత్రమే కాదు, చట్టం విషయం కూడా. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 120వ నియమం ప్రతి బండికీ శబ్దం తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను రెండో భాగం కింద శబ్ద, పొగ ప్రమాణాలు మీరితే పది వేల రూపాయల వరకు జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు లేదా రెండూ, పైగా లైసెన్సు మూడు నెలలు రద్దు. హైదరాబాదు, విశాఖ పోలీసులు పట్టుకున్న బైకు సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద తొక్కించిన దృశ్యాలు అందరూ చూసినవే. కారుకు ఆ గతి పట్టదన్న ధీమా పనికిరాదు. పని పూర్తయిన వారంలోనే పొల్యూషన్ పరీక్ష చేయించాను. బీఎస్4 పెట్రోలు కారుకు నిలకడలో (బండి కదలకుండా ఇంజను నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం మించకూడదు, మాది దానికి చాలా కిందే ఉంది. కన్వర్టర్ తీయనిచ్చి ఉంటే ఆ కాగితం చేతికి వచ్చేది కాదు.

ఒక లోపం చెప్పకపోతే ఈ సమీక్ష ఏకపక్షం అవుతుంది. బండి తెచ్చుకున్న రెండో వారం అయిదుగురం యాదగిరిగుట్టకు వెళ్లాం. భువనగిరి దాటాక ప్రతి స్పీడ్ బ్రేకరు మీదా వెనక నుంచి ఠంగుమని చప్పుడు. మర్నాడు షెడ్డుకు తీసుకెళితే, ర్యాంపు ఎక్కించి ఎంత కదిపినా చప్పుడు లేదు, పైపుకూ ఇరుసుకూ మధ్య వేలు దూరేంత సందు కూడా ఉంది. మేస్త్రి ఒక్క క్షణం ఆలోచించి, కుర్రాణ్ణి వెనక సీట్లో సిమెంటు బస్తాలు వేసుకొని అరగంట తిప్పుకురమ్మన్నారు. వేడెక్కి వచ్చిన బండి కింద సందు మాయమైపోయింది. 304 స్టీలు వేడికి ఎక్కువగా సాగుతుంది: మీటరు పొడవుకు ప్రతి వంద డిగ్రీలకు సుమారు 1.7 మిల్లీమీటర్లు. రెండున్నర మీటర్ల పైపు 250 డిగ్రీలు వేడెక్కితే సెంటీమీటరుకు పైనే పెరుగుతుంది. ఆయన సందు చూసింది చల్లటి బండికి, ఖాళీ బండికి. "తప్పు నాదే సార్" అని ఇరుసు పైనున్న వంపును కోసి జరిపి మళ్లీ అతికి, పైపును వేలాడదీసే రబ్బరు హ్యాంగర్లు రెండు కొత్తవి వేశారు. పైసా తీసుకోలేదు. ఒక రోజు పోయింది. పెట్రోలు బండిలో రబ్బరు హ్యాంగరు విలువేమిటో ఆ రోజు తెలిసింది.

ఖర్చు 26,800 రూపాయలు. పైపు, వంపు ముక్కలు 7,200. వెనక డబ్బా 8,500. మధ్య డబ్బా 3,600. వెల్డింగ్, కూలి 6,000. హ్యాంగర్లు, క్లాంపులు, ప్యాకింగులు 1,500. రెండు రోజులన్న పని నాలుగు రోజులు పట్టింది, ఫోను చేస్తే ఎత్తరు, బిల్లు అడిగితే తప్ప రాయరు. ఆస్ట్రియా రీమస్, ఇంగ్లండు మిల్‌టెక్ వంటి పేరున్న కంపెనీల సరుకుతో దీన్ని పోల్చను. వాటికి పరీక్షలు, ధ్రువపత్రాలు వేరు, దిగుమతి సుంకంతో వచ్చే ధరా వేరు. పాత పైపు పాడైనవాళ్లకు, తుప్పు పట్టని పైపు, వినసొంపైన శబ్దం చాలనుకునేవాళ్లకు ఈ షెడ్డు పని నిస్సందేహంగా చెబుతాను. బాగున్న పైపును పికప్ కోసం కోయించాలనుకునేవాళ్లను నేను పంపినా, ఆ మేస్త్రే వెనక్కి పంపిస్తారు.

వచ్చేటప్పుడు ఆయన పాత సైలెన్సర్‌ను గోనెసంచిలో చుట్టి డిక్కీలో పెట్టించారు. విచ్చుకున్న అతుకును అడగకుండానే వెల్డింగ్ చేసి ఉంచారు. రేపు ఆర్‌టీఏ వాళ్లు గాని, బండి కొనేవాళ్లు గాని కంపెనీది చూపించమంటే కావాలి కదా అన్నారు. అది ఇప్పుడు మా అటక మీద, సంక్రాంతి బొమ్మల పెట్టె పక్కన ఉంది.